శిల పోయినను పటము నిలిచినది

అమరావతి శిల్పములు లండనునుండి మరలి రావలెనని ఆంధ్రులు కోరుట న్యాయమే. నూటికి మించిన ఫలకములు 1859లో మద్రాసు రేవున ఓడకెక్కి, 1880లో బ్రిటిష్ మ్యూజియము చేరినవి. ఆ కోరికను మేమును బలపఱచుచున్నాము. ఐనను ఈ వ్యవహారమున మనవంతు బాకీ యొకటి కలదు. దానినిగూర్చి మనము మాటాడుట అరుదు.

పరాయివాడు ఓడకెక్కింపకమునుపే ఆ స్తూపమును మనవారు చెఱచిరి. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిని తమ రాజధానిగా నిర్మించుకొనునపుడు దిబ్బను త్రవ్వి, రాళ్లను, ఇటుకలను కట్టడములకు వాడిరి. బట్టీలలో కాలి సున్నమైన శిల్పములును కలవు. ముందొకమాఱు చూచిపోయిన మెకంజీ దొర 1816లో మరల వచ్చునప్పటికి దిబ్బనడుమ కోనేరు త్రవ్వబడియుండెను. మిగిలిన ఫలకములను ఆయన కొలిపించి, పటములు వ్రాయించెను. అవి నేటికిని లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. వానియందు కానవచ్చు ఫలకములు కొన్ని నేడెచ్చటను కానరావు.

ఇందొక విశేషము కలదు. స్తూపమునకు తాపిన ఫలకములపై శిల్పులు స్తూపమునే చెక్కియుంచిరి. ప్రాకారము, ద్వారమున సింహములు, వరుసగా నిలిచిన ఆయక స్తంభములైదు, పూజకై వచ్చిన స్త్రీపురుషులు, వారి నగలు, తలకట్లు, అన్నియు అందున్నవి. కట్టడము నేలమట్టమైనను దాని రూపమును మనమెఱుగుటకు ఆ చెక్కడములును మెకంజీ కాగితములును ఆధారములు. అవియు లేకున్నచో మనకు మిగులునది దిబ్బమాత్రమే.

మెకంజీకి కుడిభుజముగా నిలిచినవారు ఏలూరి వాస్తవ్యులైన కావలి సోదరులు. పెద్దవాడగు బొఱ్ఱయ్య 1803లో, ముప్పదియేండ్లైనను నిండకయే గతించెను. తరువాత లక్ష్మయ్య ఆ పనికి పూనుకొనెను. ఊరూరికి పోయి కరణములనడిగి వ్రాయించిన కైఫీయతులు నేటికిని మన గ్రామచరిత్రలకు మూలధనము. 2022 ఏప్రిల్ నుండి నూజివీడు ఏలూరు జిల్లాలో చేరియున్నది గనుక, వారిని మా జిల్లావారని నూజివీటివారు చెప్పుకొనుటకు ఇక అడ్డులేదు!

ఈ జిల్లాలోనే కామవరపుకోటకు చేరువను గుంటుపల్లి కొండ కలదు. అచ్చటి గుండ్రని చైత్యగుహ క్రీస్తుకు పూర్వము తొలచినది. లోకప్పున కొయ్యదూలములవలె రాతినే చెక్కిరి. ఆనాటి కొయ్యయిండ్లు ఏనాడో మట్టిగలిసినవి. వడ్రంగి పనితనమును మనము ఈ రాతియందు చూడవలసినదే. లోని స్తూపమును జనులు ధర్మలింగేశ్వరుడని కొలిచిరి. ఈ పేరుమార్పును పరిహసించువారు కలరు. ఆ కొలుపు రాతికి కాపైనదని మా తలంపు.

ఇక నూజివీటి మామిడితోటల నడుమనున్న పాత లోగిళ్ల మాట. జమీందారీలు 1948 నాటి శాసనముచే రద్దయినవి. దివాణపు సనదులు, తోటల దస్తావేజులు, తాటాకు కట్టలు, ఛాయాచిత్రములు కొన్ని యిండ్ల భోషాణములలో నుండకపోవు. వానిని చెదలుగాని, తూకమునకు కొనువాడుగాని తీసికొనిపోయినచో లండనువారిని నిందింప వీలుండదు. పాత చిత్రమున కూర్చున్న పెద్దమనిషి ముఖముకన్న ఆయన వెనుకనున్నది ఒక్కొక్కప్పుడు ఎక్కువ చెప్పును: తోటలో చెట్లకు చెట్లకు నడుమ విడిచిన ఎడము, బండి కట్టిన తీరు, పందిరికప్పు, ఒదిగి నిలిచిన పాలేరు కట్టుబట్ట. ఆ పాలేరు పేరు ఏ దస్తావేజునను దొరకదు.

రసాలు కోతకు వచ్చు వేసవిలో బంధువులు ఊరు చేరుదురు. ఇంటనున్న పెద్దవారి ముందు ఆ పటములనుంచి ఎవరు, ఏ యూరు, ఏ యేడు అని యడిగి వెనుక వ్రాసికొనుటకు ఒక పూట చాలును. మెత్తని పెన్సిలుతో, అంచున, తేలికగా వ్రాయవలెను. సిరా వలదు, అది కాగితముగుండ దిగి ముఖమును చెఱచును.