ఏ పాలు మంచివని అడిగే ముందు

ఆ మధ్య మెదక్‌లో బీడీలు చుట్టే స్త్రీల ఇళ్లకు వెళ్లినప్పుడు ఒక చెల్లె నన్ను ఆపి అడిగింది: "అక్కా, పోరనికి ఏ డబ్బ పాలు మంచిగుంటయి? పైసలెక్కువైనా సరే, జెర చెప్పు." ఆమె ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. నాలుగు నెలల బిడ్డ గోడ పక్కన పాత చీర మీద పడుకుని ఉన్నాడు. వాడి పక్కన సీసాలో పాలు నీళ్లలా పలచగా ఉన్నాయి. "బర్రె పాలు వట్టమంటే ఇనది. చిక్కగుంటయి, బలమొస్తది" అని అత్తగారు లోపలి నుంచి అన్నది.

డబ్బా ఎప్పుడు తెచ్చావని అడిగాను. పది రోజులైందట. ఇంకా అడుగున పొడి ఉంది. ఆ వయసు బిడ్డను పూర్తిగా డబ్బా పాల మీదే పెంచాలంటే రోజుకు నూరు గ్రాములకు అటూ ఇటూగా పొడి కావాలి. 400 గ్రాముల డబ్బా నాలుగైదు రోజులకు మించి రాదు. ఈమె దాన్ని పది రోజులు లాక్కొచ్చింది. లాగినకొద్దీ పాలలో నీళ్లు పెరిగాయి. సరిగా ఉడకబెట్టని సీసా నుంచి విరేచనాలు మొదలైతే బిడ్డ ఇంకా చిక్కిపోతాడు. అప్పుడు "ఈ డబ్బా పడలేదు, ఇంకో డబ్బా రాస్తా" అనే వాళ్లుంటారు.

ఇక అత్తగారి మాట. చిక్కని పాలే బలమైన పాలని మనందరి నమ్మకం. దూడ రెండు నెలలు నిండకముందే పుట్టిన బరువుకు రెట్టింపవుతుంది. మన బిడ్డకు అందుకు దాదాపు ఐదు నెలలు పడుతుంది. అందుకే నూరు మిల్లీలీటర్ల ఆవు పాలలో మూడు గ్రాముల పైన, బర్రె పాలలో నాలుగు గ్రాముల దాకా మాంసకృత్తులుంటే, తల్లి పాలలో ఒక గ్రామే ఉంటుంది. ఆ ఒక్క గ్రామే చంటిబిడ్డ మూత్రపిండాలు మోయగలిగింది. పైగా రోగాలను ఆపే శక్తి తల్లి పాలలో ఉంటుంది. అది ఏ డబ్బాలోకీ ఎక్కదు. బర్రె ఈనితే జున్నుపాలు వాడంతా పంచుకుని తింటాం. తల్లి ముర్రుపాలను మాత్రం "చెడ్డపాలు" అని పిండి పారబోయించి, చక్కెర నీళ్లు నాకించిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఆరు నెలల దాకా తల్లి పాలు తప్ప మరేమీ, నీళ్లు కూడా, అక్కర్లేదు. ఆ తర్వాత ఏ పాలూ ఒంటరిగా చాలవు, ఎందుకంటే పాలలో ఇనుము తక్కువ. మెత్తగా ఉడికించిన పప్పన్నం, రాగి జావ, ఆకుకూర, గుడ్డు మొదలుపెట్టి, రెండేళ్లు వచ్చేదాకా, ఆ పైనా, తల్లి పాలు కొనసాగించాలి. ఏడాది నిండాక కాచిన ఆవు పాలో బర్రె పాలో నీళ్లు కలపకుండా ఇవ్వవచ్చు. రోజుకు రెండు చిన్న గ్లాసులు చాలు. పాలతోనే కడుపు నింపితే అన్నం తినక రక్తహీనత వస్తుంది. రెండేళ్ల లోపు వెన్న తీసిన పాలు పనికిరావు. చాయ్ అసలే వద్దు.

ఇదంతా చెప్పి, తల్లి పాలే శ్రేష్ఠమని ఉపన్యాసమిచ్చి రావడం సులువు. నేనూ ఒకప్పుడు అలాగే చెప్పేదాన్ని. కానీ నా బిడ్డప్పుడు నేనేం చేశాను? పనిచేసే చోట పాలు చేపి చీర తడుస్తుంటే బాత్రూములోకి వెళ్లి పిండి పారబోశాను. అదే సమయానికి ఇంట్లో బిడ్డకు మా అత్తగారు డబ్బా పాలు కలుపుతూ ఉండేది. నా దగ్గర పాలున్నాయి, బిడ్డ దగ్గర నేను లేను. ఈ చెల్లె పరిస్థితి అంతకన్నా ఘోరం. బిడ్డ మూరెడు దూరంలో ఉన్నాడు, అయినా ఒడి ఖాళీ లేదు. వెయ్యి బీడీల లెక్క పూర్తి కాకపోతే ఆ రోజు కూలి తెగుతుంది.

కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. ప్రపంచమంతటా స్త్రీలు పోరాడితే 1981లో తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకంపై అంతర్జాతీయ నియమావళి వచ్చింది. మన దేశంలో 1992లో చట్టం చేశారు, 2003లో దాన్ని బిగించారు. రెండేళ్ల లోపు పిల్లల కోసమని డబ్బా పాలకు, డబ్బా ఆహారానికి ప్రకటనలివ్వడం, తల్లులకు ఉచితంగా పంచడం, ఆరోగ్య సిబ్బందికి కానుకలివ్వడం నేరం. డబ్బా మీద బిడ్డ బొమ్మ కూడా ఉండకూడదు. అయినా ఈ చెల్లెకు డబ్బా పేరు ఎట్లా తెలిసింది? కాన్పైన ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చీటీ మీద రాసిచ్చారట. తల్లికి పాలు పడకపోయినా, జబ్బు చేసినా, తల్లే లేకపోయినా డబ్బా పాలు అవసరమే. అది డాక్టరు కారణం చెప్పి, కలిపే కొలత నేర్పి ఇవ్వాల్సిన మందులాంటిది. దుకాణం చీటీలా రాసిచ్చేది కాదు.

మరి తల్లి సమయానికి చట్టాలు ఏమిచ్చాయి? 2017లో ప్రసూతి సెలవు 26 వారాలైంది, జీతం రాళ్లు ఉన్నవాళ్లకు. 1966 బీడీ కార్మికుల చట్టం పసిపిల్లల గదిని కార్ఖానాలకే రాసింది. ఇంటి అరుగు మీద చుట్టే స్త్రీకి ఆ గది లేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రసూతికి కనీసం 6,000 రూపాయలన్నది. ఆరు నెలలకు పంచి చూడండి, రోజుకు 33 రూపాయలు! 2015లో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి అంగన్‌వాడీలో బాలింతకు భోజనం, గుడ్డు, పాలు పెట్టింది. మంచి పథకమే. కానీ మధ్యాహ్నం నాటు వదిలి, చాట దింపి అక్కడికి వెళ్లి తినే తీరిక ఎవరికుంది?

అందుకే మన సంఘాలు పోషణ పాఠాలతో పాటు ఈ మాటలూ గట్టిగా అడగాలి. ఇంట్లో చేసినా పొలంలో చేసినా, ప్రతి శ్రామిక స్త్రీకి ఆరు నెలలు కనీస కూలికి సమానమైన ప్రసూతి భత్యం. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు వాడవాడనా శిశుసంరక్షణ కేంద్రం. చీటీ మీద డబ్బా పేరు రాసే చోట చట్టం అమలు. ఇంట్లో మగవాళ్లు నీళ్లు, వంట, పెద్ద పిల్లల పని పంచుకోవడం.

ఆ రోజు ఆ చెల్లెకు నేను డబ్బా పేరు చెప్పలేదు. బిడ్డ చప్పరించినకొద్దీ పాలు మళ్లీ ఊరతాయని, రాత్రి తప్పకుండా పట్టమని, సీసా పక్కన పెట్టి ఉగ్గుగిన్నె వాడమని, పాలు పెరిగేదాకా డబ్బా పాలు సరైన కొలతలోనే కలపమని, ఏఎన్ఎంకు బిడ్డ బరువు చూపించమని చెప్పాను. ఆమె అంతా విని, "సరే అక్కా, మరి నా బీడీలెవరు చుడ్తరు?" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు ఆమె ఒక్కతే వెతుక్కోవాల్సింది కాదు. మనందరం కలిసి చెప్పాల్సింది.