నడవమంటే... ఎక్కడ నడవాలి?

మా ఓపీలో నేను రోజూ అందరికంటే ఎక్కువసార్లు చెప్పే మాట ఒకటుంది: ‘‘రోజుకు అరగంట నడవండి.’’ షుగర్ ఉన్నవారికీ, బీపీ ఉన్నవారికీ, రాత్రి నిద్ర పట్టనివారికీ ఇదే మాట. ఈమధ్య ఒక పెద్దావిడ మందుల చీటీ చేతిలోకి తీసుకుంటూ, ‘‘నడవమంటున్నారు సరే సార్, ఎక్కడ నడవమంటారు?’’ అని అడిగారు. వాళ్ల వీధిలో ఫుట్‌పాత్ లేదు. రోడ్డులో సగం కార్లు, మిగతా సగంలో బైకులు, కుక్కలు. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలం ఉంది గానీ, దాన్నిండా ఇళ్లు కూల్చిన మట్టి, ముళ్లకంప. ‘‘ఎలాగూ ఖాళీగానే ఉంది, ఫంక్షన్ హాలు కడదాం’’ అని కాలనీలో కొందరు అంటున్నారట.

ఆమెకు నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. మాత్ర రాస్తే మందుల షాపులో దొరుకుతుంది. నడక రాస్తే అది ఎక్కడ దొరుకుతుందో చెప్పాల్సిన బాధ్యత కూడా మాదే కదా!

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని, పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిచినా రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుంది. ఆరుబయట వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే ముప్పు తక్కువ. చెట్లున్న మట్టి నేల ఎండాకాలంలో కాంక్రీటులా సెగలు కక్కదు. ఒంటరిగా ఉండే పెద్దలకు సాయంత్రం నలుగురు పలకరించే చోటు ఒక మందే. వీటన్నిటికీ కావాల్సింది కాస్త నేల.

ఆ నేల పోవడం ఒక మాటతో మొదలవుతుంది. ఊళ్లలో దాన్ని ‘ఖాళీ’ అంటారు. రెవెన్యూ రికార్డుల్లో ‘బంజరు’ అంటారు. మా భాషలో చెప్పాలంటే అది తప్పుడు రోగ నిర్ధారణ. అలాంటి నిర్ధారణ ఎంత నష్టం చేస్తుందో, సరైన వైద్యం ఎంత మేలు చేస్తుందో రెండూ చూసిన నేల మన రాయలసీమలోనే ఉంది.

దేశంలోనే వర్షం బాగా తక్కువ పడే ప్రాంతాల్లో అనంతపురం ఒకటి. అక్కడ చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల బీడు భూమిలో ‘టింబక్టు కలెక్టివ్’ అనే స్వచ్ఛంద సంస్థ పని మొదలుపెట్టింది. తర్వాత ముష్టికోవెల, దాని చుట్టుపక్కల పల్లెల వారితో కలిసి బోడిగుట్టల ఉమ్మడి భూములను కాపాడటానికి పూనుకుంది. ‘కల్పవల్లి’గా పేరుపడిన ఆ నేల ఇప్పుడు ఏడు వేల ఎకరాలకు పైమాటే.

వాళ్లు చేసిన వైద్యంలో ఆర్భాటం లేదు. ముందు గాయం మళ్లీ మళ్లీ రేగకుండా చూశారు. ఎండాకాలంలో గడ్డికి నిప్పంటుకున్నా వ్యాపించకుండా మధ్యలో బాటలు తీశారు. పల్లెలవాళ్లనే కాపలాకు పెట్టుకున్నారు. విత్తనాలు చల్లారు, వాన నీరు ఉరికిపోకుండా కట్టలు వేశారు. మిగతా పని చాలావరకు నేలే చేసుకుంది. గడ్డి వచ్చింది, ఈత చెట్లు లేచాయి, చీపుర్లకూ బుట్టలకూ ఈతాకు దొరికింది, పశువులకు మేత దొరికింది. చిరుతలు, తోడేళ్లు, కృష్ణజింకలు కనిపించసాగాయి. పుండును రోజూ గోకకుండా ఉంటే సగం నయమైనట్టేనని మేం రోగులకు చెబుతుంటాం. నేల విషయంలోనూ అంతే.

అయినా రికార్డుల్లో అది ‘బంజరు’గానే మిగిలింది. ఆ ఒక్క మాట ఆసరాతో అక్కడ గాలిమరల ప్రాజెక్టు వచ్చింది. రోడ్ల కోసం గుట్టలు తవ్వారు, ఏళ్ల తరబడి పెంచుకున్న పచ్చదనం కొంత తుడిచిపెట్టుకుపోయింది. గాలి కరెంటు మంచిదే. కానీ ఇరవై ఏళ్లు సాకిన నేలను ఎవరికీ పనికిరానిదని కాగితం మీద రాసుకోవడం మంచిది కాదు.

కాలనీలో పార్కు స్థలానిదీ ఇదే కథ. 1991లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్ కోసం కేటాయిస్తే కాలనీవాసులు కోర్టుకెక్కారు, గెలిచారు. డాక్టరుగా నాకు ఆ తీర్పంటే గౌరవం. పదిమంది నడిచే చోటు మూసేసి ఆస్పత్రి కడితే, ఆ ఆస్పత్రికి రోగులను మనమే తయారుచేసి పంపినట్టవుతుంది. ఆస్పత్రికే దక్కని చోటు ఫంక్షన్ హాలుకు ఎలా దక్కుతుంది? గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది.

అంటే దారి ఉంది. ఈ ఆదివారం మీ కాలనీ సంఘం వాళ్లను లేఅవుట్ నకలు అడగండి. వాళ్ల దగ్గర లేకపోతే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. పార్కు స్థలం ఎంత, హద్దులెక్కడ, అది స్థానిక సంస్థ పేరిట నమోదైందా అన్నవి కాగితం మీద తేల్చుకోండి. తర్వాత చెత్త వేయడం ఆపండి, కంచె వేయించండి. ఖరీదైన లాన్ అక్కర్లేదు. వేప, కానుగ, రావి మొక్కలు పదీ పన్నెండు, చుట్టూ మట్టి బాట, కూర్చోవడానికి నాలుగు బెంచీలు, పిల్లలకు ఆడుకునే మైదానం చాలు. నీరు నిలవకుండా చూసుకోండి, లేకపోతే దోమలకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. గేటుకు మాత్రం తాళం వేయకండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్లలూ అక్కడ ఆడాలి.

గుండె జబ్బు ఉన్నవారు, చాలాకాలంగా నడక అలవాటు లేనివారు డాక్టరును అడిగి మొదట పది నిమిషాలతో ప్రారంభించండి. ఎండాకాలంలో ఉదయం ఎనిమిది లోపే ముగించండి.

ఆ పెద్దావిడ వచ్చే నెల మళ్లీ చెకప్‌కు వస్తారు. షుగర్ ఎంతుందో చూసే ముందు, లేఅవుట్ నకలు దొరికిందా అని అడగాలనుకుంటున్నాను.