కాఫీ యంత్రమునకు ఉష్ణమాపకము

ఈ.సి.ఐ.ఎల్. చౌరస్తా నుండి కీసరకు పోవు మార్గముననున్న నాగారము వంటి శివారు పట్టణములలో, నిన్న మొన్నటి వరకు ఇత్తడి ఫిల్టరు తప్ప మరియొక కాఫీ సాధనము నెరుగని కుటుంబములు గూడ నేడు ఇటలీ దేశపు పద్ధతిని ఎస్ప్రెస్సో తీయు చిన్న యంత్రములను కొని వంటగది గట్టుపై నిలుపుకొనుచున్నవి. అది సంతోషింపదగిన విషయమే. కాని వేలకు వేలు వెచ్చించి కొన్న ఆ యంత్రములో నీరు ఎన్ని డిగ్రీల వేడిమితో కాఫీపొడిని తాకుచున్నదో కొన్నవానికి తెలియదు, అమ్మినవాడు చెప్పడు. ముందువైపున ఒక చిన్న దీపము వెలిగియో ఆరియో యంత్రము సిద్ధమైనదని మాత్రము సూచించును. అట్టి యంత్రమునకు ఒక ఉష్ణమాపక ప్రోబ్‌ను అమర్చి, లోపలి వేడిమిని అంకెలలో చదువుకొనుట విలాసము కాదనియు, రుచి కుదరలేదని ఇంకను ఖరీదైన యంత్రమునకై పరుగెత్తుటకు ముందు ప్రతి గృహస్థుడును చేయదగిన పని యనియు నా దృఢాభిప్రాయము.

మన ఫిల్టరునకు ఇట్టి సాధనము ఏల అక్కరలేకపోయెనో మొదట చెప్పవలెను. మరిగించి దింపిన నీటిని పై గిన్నెలోని పొడిపై పోసినప్పుడు, అది తన బరువు చేతనే బొట్టుబొట్టుగా దిగుచు, దిగుచున్నంత సేపును చల్లారుచు, పావుగంటయో అంతకు మించియో పొడితో సహవాసము చేయును. కావున ఆరంభమున రెండు మూడు డిగ్రీలు ఎక్కువతక్కువలైనను ఆ దీర్ఘకాలము వానిని సరిపుచ్చును. మన అమ్మమ్మలు చేతి నేర్పుతోనే చిక్కని డికాక్షను తీయగలిగినారనగా, ఆ నేర్పునకు తోడుగా ఆ పాత్రకు గల ఓర్మియు నుండెను. ఎస్ప్రెస్సోలో ఆ ఓర్మికి చోటు లేదు. మిక్కిలి మెత్తగా విసరిన పొడిని గట్టిగా అదిమి, వాతావరణ పీడనమునకు తొమ్మిది రెట్లంత ఒత్తిడితో నీటిని దానిగుండ నెట్టి, ఇరువదియైదు ముప్పది సెకన్లలో పని ముగించు పద్ధతి యిది. 1884లో టూరిన్ నగరమున ఆంజెలో మోరియాందో పేటెంటు పొందిన ఆవిరి యంత్రము మొదలుకొని ఇటలీవారు చిరకాలము ఒత్తిడి కొరకే పరిశ్రమించిరి. 1948 ప్రాంతమున అకిల్లె గాజియా లివరు యంత్రములు వెలువడి, ఆవిరి స్థానమున పిస్టన్ ప్రవేశించిన పిదపనే, మరుగునీటి కంటె తక్కువ వేడిమి గల నీటితో గట్టి ఒత్తిడిని సాధించుట సులభమైనది. ఇటలీలోని ఎస్ప్రెస్సో సంస్థ యంత్రమునుండి వెలువడు నీరు 88 డిగ్రీల వద్ద, అటునిటు రెండు డిగ్రీల సడలింపుతో నుండవలెనని నిర్దేశించినది. అన్య దేశములలోని కాఫీవిదులు 90 నుండి 96 వరకు వాడుదురు. ఏ అంకెను ఆశ్రయించినను, దానినుండి కొలది డిగ్రీలు దిగజారినచో కాఫీ పలుచబడి పులుపెక్కును, పైకి పోయినచో చేదును వగరును నాలుకను పట్టుకొనును.

ఇక మన ఇండ్లలోని యంత్రములు చేయునదేమి? గాజియా క్లాసిక్ బాయిలరులో ఇంచుమించు 100 మిల్లీలీటర్ల నీరు పట్టును, రాంచిలియో సిల్వియాలో 300. ఈ తరగతి యంత్రములు ఎన్నటినుండియో ఆధారపడుచున్నది బాయిలరు వెలుపలి గోడనంటి యుండు ఒక చిన్న థర్మోస్టాట్ పైననే. అందులోని జంటలోహపు బిళ్ల వేడెక్కి వంగినప్పుడు విద్యుత్తు తెగును, చల్లారి యథాస్థితికి వచ్చినప్పుడు మరల కలియును. వేయి వాట్లకు అటునిటుగా నుండు హీటరు అంత స్వల్పమైన నీటిని శీఘ్రముగా వేడిచేయుచుండగా, ఆ వార్త లోహపు గోడను దాటి బిళ్లను చేరుటకు కాలము పట్టును. చేరి విద్యుత్తు తెగిన తరువాత గూడ హీటరులో నిలిచియున్న వేడిమి నీటిని ఇంకను పైకి కొనిపోవును. పిదప తిరిగి కలియుటకు ముందు వేడిమి ఎంతయో క్రిందికి జారవలెను. కావున దీపము ఒకే తీరున వెలుగుచున్నట్లు కనబడినను, లోపలి నీరు పది డిగ్రీలకు పైబడిన ఎత్తుపల్లములలో ఊగులాడుచుండును. అదే పొడి, అదే తూకము, అదే చేయి. నిన్నటి కాఫీ అమృతము, నేటిది కషాయము. ఈ భేదమునకు కారణము తెలియక పొడిని మార్చువారు, మరను మార్చువారు, తుదకు యంత్రమునే మార్చువారు ఎందరో గలరు.

ఇది యంత్రాభిమానుల కాలక్షేపమని కొందరు తలపవచ్చును. నేనట్లు భావింపను. అరకు, పాడేరు మన్యములలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకు మిరియపు తీగలను ప్రాకించి, వాని క్రింద పెంచిన అరబికా పంటకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు రెండేండ్ల ముందే, హైదరాబాదు కేంద్రముగా పనిచేయు నాంది ఫౌండేషన్ చొరవ వలన, ఆ కాఫీ పేరుతో పారిస్ నగరమున దుకాణము తెరువబడినది. పండిన ఎర్రని పండ్లను మాత్రమే కొమ్మకొమ్మకు వెదకి చేతితో కోసి, తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి, ఇన్ని దశలలో ఇందరు కాపాడుకొని వచ్చిన పరిమళము, తుది అరనిమిషమున, ఎవ్వరికిని తెలియని ఒకానొక డిగ్రీ వద్ద చెడిపోవుట నాకు నిజముగా బాధ కలిగించును. చెడినప్పుడు నిందపడునది యంత్రముపై కాదు. గింజపై, ఆ గింజను పండించిన కొండపై.

ప్రోబ్ అనునది బ్రహ్మవిద్య కాదు. రెండు భిన్న లోహపు తీగల కొనలను కలిపి ఆ కలయికను వేడిచేసినచో విద్యుత్ప్రభావము పుట్టునని 1821లో థామస్ సీబెక్ కనుగొనెను. దాని ననుసరించి పుట్టినదే థర్మోకపుల్. మనకు సులభముగా దొరకు కె రకపు థర్మోకపుల్ డిగ్రీకి 41 మైక్రోవోల్టుల చొప్పున పలుకును. ఇంకొక జాతి పీటీ-100: సున్న డిగ్రీల వద్ద 100 ఓముల నిరోధము గల ప్లాటినము, నూరు డిగ్రీల వద్ద 138.5 ఓములకు చేరును. ఇంటి పనికి రెండును చాలును. సికింద్రాబాదు రాణిగంజిలోను, కోఠి గుజరాతీ గల్లీలోను ఇట్టివానిని విచారింపవచ్చును. వాషరువలె రంధ్రము గల తలతో వచ్చు ప్రోబ్‌ను కొనుట మేలు; థర్మోస్టాట్‌ను పట్టియుంచు మరచీల క్రిందనే, పలుచగా ఉష్ణవాహక లేపనము పూసి, దానిని బిగింపవచ్చును. బాయిలరునకు క్రొత్త రంధ్రము పొడుచు సాహసము గృహస్థునకు వలదు. తీగపై గాజునారయో టెఫ్లానో కప్పియుండవలెను; సాధారణమైన పీవీసీ కప్పు 70 డిగ్రీల ప్రాంతమునకే ఉద్దేశింపబడినది, పాలు నురుగెత్తించుటకు ఆవిరి పట్టునప్పుడు బాయిలరు 140 వరకు పోవును.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఆ మూత క్రింద 230 వోల్టుల విద్యుత్తును నీరును ప్రక్కప్రక్కనే యుండును. స్విచ్చి కట్టివేయుట చాలదు, ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. ఏలయనగా తీగలు తారుమారుగా కలిపిన ఇండ్లలో స్విచ్చి కట్టినను యంత్రములోనికి విద్యుత్తు వచ్చుచునే యుండును. ఎర్తింగు సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియన్‌చేత పరీక్ష చేయింపక యంత్రమును విప్పరాదు. అతితాపమున తెగిపోవు థర్మల్ ఫ్యూజును, అడ్డముగా నున్నదని, ఎవ్వరును తొలగింపరాదు. అంకెలు చూపు మీటరును యంత్రపు విద్యుత్తుతో కలుపక, ప్రత్యేకముగా బ్యాటరీతో నడుపుకొన్నచో ప్రమాదము చాల తగ్గును.

అమర్చిన పిదప ఆ అంకెను గ్రుడ్డిగా నమ్మరాదు. అమర్చుటకు ముందే కరగుచున్న మంచులో ప్రోబ్‌ను ముంచి సున్నను, మరుగు నీటిలో ముంచి రెండవ గుర్తును సరిచూడవలెను. కాని నాగారమున మరుగు నీరు నూరు డిగ్రీలు చూపదు. హైదరాబాదు పీఠభూమి సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నుండుటచే, ఇచ్చట తెరచిన గిన్నెలో నీరు 98కి కొంచెము పైననే మరుగును. ఆ సంగతి తెలియనివాడు మంచి ప్రోబ్‌ను చెడ్డదని పారవేయును. బాయిలరు గోడ చూపు అంకెకును, పొడిని తాకు నీటికిని గూడ కొన్ని డిగ్రీల అంతరముండును. అంకె యథార్థమా కాదా యనుదానికంటె, నేడును రేపును ఒకే తీరున చెప్పుచున్నదా యనునది ముఖ్యము. వేసవి సాయంకాలములందు వోల్టేజి 230 నుండి 200కు పడిపోయినచో హీటరు శక్తి ముప్పాతికకు తగ్గును. నీరు వేడెక్కుటలోని జాప్యము వెంటనే అంకెలలో తెలిసిపోవును. ఈ ప్రాంతపు గండశిలల నడుమనుండి తోడిన బోరు నీటి కాఠిన్యము మరియొక చిక్కు: వేడెక్కిన కొలదియు నందలి సున్నము హీటరుపై పెచ్చుకట్టి వేడిమి నడ్డగించును. మునుపటి అంకెను చేరుటకు యంత్రము రానురాను ఎక్కువ సేపు తీసికొనుచున్నచో, వోల్టేజి నిలుకడగా నున్నప్పుడు, పెచ్చును అనుమానింపవలెను.

ఇట్టి విద్యకు నాగారము కంటె తగిన చోటు మరియేది? డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి నేతృత్వమున 1967లో స్థాపితమైన ఈ.సి.ఐ.ఎల్. అణువిద్యుత్ కేంద్రములకు నియంత్రణ పరికరములను నిర్మించిన సంస్థ. ఆయన పేరనే ఎ.యస్. రావు నగర్ వెలసినది. సమీపముననే యున్న అణు ఇంధన సముదాయమున యురేనియం ఆక్సైడు బిళ్లలను 1700 డిగ్రీల ప్రాంతపు కొలుములలో కాల్చి గట్టిపరతురు. వేడిమిని ఊహతో గాక కొలతతో నెరిగి జీవితమంతయు పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధులు ఈ కాలనీలలో నెందరో గలరు. వారికి మించిన గురువులు లేరు. వారి చేతనున్న విద్యను వీధిలోని పిల్లలు నేర్చుకొనుటకు ఒక కాఫీ యంత్రము నెపమైనను నాకు సమ్మతమే.

ప్రోబ్ పెట్టినంతనే దానికి స్వయం నియంత్రకమునుగూడ జతచేయుమని ప్రోత్సహించువారున్నారు. 1922లో నికొలాస్ మినోర్స్కీ ఓడల చుక్కానిని స్వయముగా నడుపుటకై సిద్ధాంతీకరించిన పీఐడీ పద్ధతిని, ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో అమెరికా అభిమానులు సిల్వియా యంత్రమునకు అన్వయించి, డిగ్రీని ఇంచుమించు స్థిరముగా నిలిపిరి. వారి శ్రమను గౌరవింతును. అయినను మొదట కొలతయే చాలునని నా వాదము. నియంత్రకము కొరకు 230 వోల్టుల మార్గమును కత్తిరింపవలెను, కొలతకు అక్కరలేదు. అంతకంటె ముఖ్యముగా, కొంతకాలము అంకె ఎక్కుటను దిగుటను కంటితో చూచుచు, అది దిగివచ్చు క్షణమున పంపును నడుపుట నేర్చినవానికి తన యంత్రపు స్వభావము తెలియును. పిమ్మట నియంత్రకము కొన్నను, ఏమి నియంత్రింపవలెనో ఎరిగి కొనును.

గ్యారంటీ పోవునను భయము న్యాయమైనదే. గడువు తీరిన యంత్రముతోనే ఈ పని ఆరంభింపుడని నా సలహా. కాని ఆ భయమును పుట్టించుచున్నవారు తయారీదారులు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కొరకు పోర్టల్ తెరచి, గృహోపకరణములను గూడ అందులో చేర్చినది. థర్మోస్టాట్ ఏ డిగ్రీ వద్ద తెగునో, తీగల పటమెట్లుండునో, ప్రోబ్‌కు తగిన చోటెక్కడనో యంత్రముతోపాటు ఒక కాగితముపై, తెలుగులో, అచ్చువేసి ఇచ్చుట వారికేమి భారము? కొనువారు దుకాణములోనే దాని నడుగవలెను.

అరకు అరబికాను నడితరముగా వేయించి తెచ్చినవారు, బాయిలరుకును నీటికిని గల అంతరమును లెక్కించుకొని, నీరు 93 డిగ్రీలుండునట్లు మొదలుపెట్టుడు. పులుపు మిగిలినచో ఒక డిగ్రీ పెంచుడు, వగరు తోచినచో ఒకటి తగ్గింపుడు. నల్లగా మాడ్చిన పొడికైతే 90 వద్దనే ఆరంభింపుడు. పొడి తూకమును, మర గుర్తును ఈ సవరింపులు సాగు దినములలో మార్చకుడు.