మోటారు ఊపిరి

బాలలూ! మీ ఊళ్ళో ఎవరికైనా పాత అంబాసిడర్ కారు ఉంటే, దాని ముందు మూత ఎత్తినప్పుడు ఒకసారి తొంగి చూడండి. ఇంజను ఆగి, బాగా చల్లారి ఉండాలి సుమా! పక్కన పెద్దవాళ్ళు కూడా ఉండాలి. బెంగాలులోని ఉత్తరపారాలో 1957 నుంచి 2014 దాకా తయారైన కారు అది.

లోపల గొట్టాలు అటూ ఇటూ పాకి ఉంటాయి. లావుపాటివి నీళ్ళ గొట్టాలు. వాటి సంగతి ఇవాళ వద్దు. మనకు కావలసినవి రెండే: ఒకటి ఇంజను ఊపిరి వదిలేది, రెండోది పీల్చేది.

అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత ఎందుకు ఎగిరెగిరి పడుతుంది? లోపలి ఆవిరికి దారి కావాలి గనుక. ఇంజనులో పెట్రోలు మండినప్పుడు పుట్టే వేడి వాయువుల్లో కొంత, పిస్టన్ల పక్క సందుల్లోంచి కిందనున్న ఆయిలు తొట్టిలోకి జారుతుంది. అది బయటపడే దారే ఇంజను పైమూత నుంచి గాలి వడపోసే డబ్బాకు వెళ్ళే గొట్టం. మెకానిక్కులు దీన్ని బ్రీదర్ అంటారు. ఆయిలు మడ్డి పేరుకుని ఇది పూడిపోయిందనుకోండి, లోపలి ఒత్తిడి ఆయిలును సీళ్ళ సందుల్లోంచి బయటికి తోస్తుంది. కారు కింద మడుగు కడుతుంది. యజమాని సీళ్ళు మార్పిస్తాడు. డబ్బు వదులుతుంది గాని ఆయిలు కారడం ఆగదు. మూసుకున్నది ముక్కు అయితే కాలికి కట్టు కట్టి ఏం లాభం? పొగ వస్తోందని ఆ గొట్టానికి బిరడా బిగించే మహానుభావులు కూడా ఉన్నారు!

ఇక రెండోది. బొప్పాయి ఆకు కాడతో నీళ్ళు పీల్చి ఆడుకున్నారా? కాడకు చిల్లు ఉంటే నీళ్ళకు బదులు గాలి వస్తుంది. వాడిన కాడ అయితే పీల్చగానే చప్పబడిపోతుంది. కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళే సన్నని గొట్టానికి వచ్చే జబ్బులు కూడా ఈ రెండే. పిస్టన్లు గాలిని పీల్చినప్పుడు ఆ లాగుడు ఈ గొట్టం గుండా వెళ్ళి, డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న చిన్న డబ్బాలోని పలుచని పొరను లాగుతుంది. దాంతో నిప్పురవ్వ కాస్త ముందుగా వస్తుంది. బరువు లేకుండా సాఫీగా పోయే కారులో పెట్రోలు నెమ్మదిగా మండుతుంది గనుక అలా ముందుగా రావడం అవసరం. గొట్టం పగిలితే రవ్వ ఆలస్యమై, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

పల్నాడులో ఈ గొట్టాలకు కష్టకాలం వేసవి. రెంటచింతల ఎండలు మీకు తెలియనివి కావు. ఆ ఎండకు ఇంజను వేడి తోడైతే రబ్బరు పెళుసెక్కి, వంచితే చిట్లుతుంది. ఆ పగుల్లోంచి దూరే దుమ్ముకు వడపోత ఉండదు. మట్టిరోడ్ల ఇసుక రేణువులు నేరుగా సిలిండర్లలోకి పోయి, గోడలను ఆకురాయిలా అరగదీస్తాయి. చిన్న గొట్టం కోసం ఇంజనే పోతుందన్నమాట!

అందుకే గొట్టాలు మార్చేటప్పుడు అన్నీ ఒక్కసారి ఊడదీయకూడదు. ముందు బొమ్మ గీసుకోవాలి. ప్రతి గొట్టానికీ, అది తగులుకున్న మూతికీ ఒకే రంగు దారం కట్టాలి. ఈ పని మీరు చక్కగా చేయగలరు, మీ నాన్నగారు మెకానిక్కును పిలిచిన రోజున చేసి చూపించండి. ఒకటి తీసి, దాని బదులు కొత్తది పెట్టాకే రెండోది తీయాలి.

కొత్తది ఎంచడంలో ఒక చిక్కు ఉంది. ఇంట్లో మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టం ముక్క కొలతకు సరిగ్గా సరిపోవచ్చు. కాని బ్రీదర్‌కు పెడితే ఆయిలు తగిలి ఉబ్బి మెత్తబడుతుంది. సన్న గొట్టానికి బదులు మెత్తటి ముక్క పెడితే, వాడిన బొప్పాయి కాడ చేసిన పనే చేస్తుంది. దుకాణంలో ఆయిలుకూ పెట్రోలుకూ తట్టుకునే గొట్టం అని అడిగి, వేళ్ళతో నొక్కి గట్టిదనం చూసి కొనాలి.