మంచం పక్కన ఆమె చాకిరీకి లెక్కేది?

సైనికుడు చనిపోతే శవపేటిక మీద జెండా కప్పుతారు. తుపాకులు గాల్లోకి పేలుస్తారు. నాయకులొచ్చి దండలు వేస్తారు. మరి చావకుండా, వెన్నెముక విరిగి ఇంటికి చేరినవాడి సంగతేమిటి? నాలుగు రోజులు పలకరింపులు. ఆ తర్వాత మిగిలేది ఒక మంచం, దాని పక్కన ఒక ఆడమనిషి.

ఆ ఆడమనిషి గోస చట్టసభ దాకా పోవడానికి అమెరికాలోనే ఏండ్లు పట్టింది. 2025 జనవరి 2న అక్కడ ఎలిజబెత్ డోల్ పేరిట ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఆమె మాజీ సెనేటర్. భర్త బాబ్ డోల్ 1945లో ఇటలీ యుద్ధరంగంలో గాయపడి కుడిచెయ్యి స్వాధీనం కోల్పోయినవాడు. ముసలితనంలో ఆయన సైనిక ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నప్పుడు, పక్క వార్డుల్లో పడుచు సైనికుల భార్యల తండ్లాట ఆమె కళ్లారా చూసింది. 2012లో వాళ్ల కోసం సంస్థ పెట్టింది.

ఈ చట్టంలో అసలు విషయం ఒక్క అంకెలో ఉంది. అంతకు ముందు రూలు ఇది: మాజీ సైనికుణ్ని నర్సింగ్ హోంలో ఉంచితే ఎంత ఖర్చవుతుందో, అందులో 65 శాతానికి మించి ఇంటి దగ్గరి సేవకు మాజీ సైనికుల శాఖ ఖర్చు పెట్టరాదు. కొత్త చట్టం దాన్ని 100 శాతం చేసింది. వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల వంటి కొందరికి అవసరమైతే అది కూడా దాటవచ్చన్నది. 2024 నవంబరులో ప్రతినిధుల సభలో 389 మంది అవునన్నారు, 9 మంది కాదన్నారు.

65కూ 100కూ మధ్య ఉన్న ఆ 35 ఇన్నేండ్లు ఎవరు కట్టినట్టు? సేవ ఎక్కువ కావాల్సిన ఇండ్లల్లో భార్య కట్టింది. తల్లి కట్టింది. కొలువు మానుకొని కట్టింది, నిద్ర చంపుకొని కట్టింది. చేతగాని రోజున భర్తను నర్సింగ్ హోంలో చేర్చింది. అప్పుడు సర్కారు అదే మనిషికి పూర్తి ఖర్చు పెట్టింది! ముప్ఫై అయిదు మిగుల్చుకోబోయి నూరు పోగొట్టుకునే ఈ లెక్కను పొదుపు అందామా?

'కట్టుకున్నవాడికి సేవ చేస్తే కూలి అడుగుతారా' అనే పెద్దమనుషులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. అమెరికా చట్టం 2010లోనే దానికి జవాబు చెప్పింది. సేవ చేసే కుటుంబ సభ్యులకు నెలనెలా భత్యం, శిక్షణ, ఆరోగ్య బీమా లేకుంటే బీమా, ఏడాదికి కనీసం 30 రోజుల విరామం ఇవ్వాలన్నది. ఆ భత్యానికి కొలమానం కేంద్ర ఉద్యోగుల నాలుగో గ్రేడు జీతం. ఒకరి సాయం లేకుండా సొంతంగా బతకలేనివాళ్ల విషయంలో అంత జీతమూ, మిగతావాళ్లకు అందులో 62.5 శాతం. ఉద్యోగి పాఠకులు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఇంటి చాకిరీని జీతాల పట్టికలో పెట్టడం చిన్న మాట కాదు.

అట్లని అమెరికాను ఆకాశానికెత్తే పని లేదు. అబద్ధాలు చెప్పి ఇరాక్ మీద పడ్డదీ ఆ సర్కారే. ఆ 2010 చట్టం కూడా 2001 సెప్టెంబరు 11 తర్వాత గాయపడ్డవాళ్లకే వర్తించింది. వియత్నాంలో కాళ్లు పోగొట్టుకున్నవాడి భార్య 2020 అక్టోబరు దాకా ఎదురుచూసింది. మధ్య కాలపువాళ్ల వంతు 2022 అక్టోబరులో వచ్చింది. పైగా కొత్త నిబంధనల పేరిట ఉన్నవాళ్లను తీసేయబోతే కుటుంబాలు మొత్తుకున్నాయి. 2022లో ఆ తొలగింపులు ఆపక తప్పలేదు. అడగకుండా ఏదీ రాలేదు, వచ్చింది కూడా కాపలా కాయకుండా నిలవలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన సైన్యంలో నూరు శాతం వైకల్యం పొంది, వైద్య బోర్డు సిఫారసు చేసినవారికి పింఛనుతో పాటు సహాయకుడి భత్యం ఉంది. 2017లో దాన్ని నెలకు 6,750 రూపాయలు చేశారు. కరువు భత్యం 50 శాతం చేరినందుకు 2024 జనవరి నుంచి పావు వంతు పెరిగి 8,400 దాటింది. రోజుకు 280 రూపాయలు. రాత్రీపగలూ మూడు షిఫ్టులకు పంచితే షిఫ్టుకు వంద కూడా పడదు. ఈ డబ్బుకు మనిషిని ఎక్కడ తెస్తారు? ఎవరూ తేరు. ఇంట్లో భార్య ఉంది కదా అనే ధీమా మీదనే ఈ అంకె నిలబడింది.

పుణె దగ్గర ఖడ్కీలో, మొహాలీలో నడుములు విరిగిన సైనికుల కోసం పునరావాస కేంద్రాలున్నాయి. మంచిదే. కానీ కరీంనగర్ పల్లెలో ఉన్నవాడు ఆలుబిడ్డలను వదిలి అక్కడ బతకాలా? ఇంట్లో బతికే హక్కు వాడికి లేదా?

అడగాల్సింది దానం కాదు. సహాయకుడి భత్యాన్ని ఒక మనిషి నిజమైన కూలితో ముడిపెట్టాలి. సేవ చేసే కుటుంబ సభ్యులకు శిక్షణ, ఏడాదిలో కొన్ని విరామ దినాలు చట్టంలో రాయాలి. సర్క్యులర్‌తో ఇచ్చింది సర్క్యులర్‌తో పోతుంది. చట్టంలో రాసుకున్నదాన్ని తీసేయాలంటే సభలో నిలబడి జవాబు చెప్పాలి.

సరిహద్దులో కావలి కాసినవాడికి సలాం కొడుతున్నాం. వాడికి కావలి కాస్తున్న ఆమెకు కనీసం లెక్కయినా చెప్పొద్దా?