ప్రాణశక్తి అనే సస్పెన్స్ ఖాతా

ఖిదిర్‌పూర్‌లో మా వీధిలో, శ్రీకాకుళం నుంచి డాకు పనులకొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఒకరింట్లో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి టైప్ 1 మధుమేహం. ఆదివారాలు వచ్చి, చేతులు ఆడించి ‘విశ్వశక్తి’ ఎక్కించే ఒకాయన "శక్తి లోపలికి వెళ్తోంది కదా, ఇక ఇన్సులిన్ ఎందుకు?" అన్నాడట. ముందు తగ్గించారు, తర్వాత మానేశారు. మూడో రోజుకి వాంతులు, ఎగశ్వాసతో ఆసుపత్రిలో చేర్చారు. బతికాడు. ఆయన వచ్చిపోవడం నాకు నెల ముందే తెలుసు. వాళ్లింటి వ్యవహారం మనకెందుకులే అని ఊరుకున్నాను. ఆ తప్పు నాది.

నేను చదివింది బి.కాం. ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కల్లోనే గడిచింది. జీవశాస్త్రం రిటైరయ్యాక చదువుకున్నదే. అయినా ఈ విషయంలో అకౌంటెంటు నోరు విప్పొచ్చనుకుంటాను. శక్తి లెక్కకు దొరుకుతుంది మరి.

మా శాఖలో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఏ పద్దు కింద రాయాలో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో వేస్తాం. వోచరు దొరికాక సరైన పద్దుకు మార్చి ఇక్కడ కొట్టేస్తాం. ప్రాణశక్తి అలాంటి ఖాతానే. బతికున్నవాడు నడుస్తాడు, శవం నడవదు. కారణం తెలియని రోజుల్లో ఆ తేడాను ప్రాణం అనే పేరు కింద వేశారు. అది తప్పు కాదు. వోచర్లు దొరికాక కూడా ఖాతా మూయకపోవడం తప్పు.

1780లలో లవోయిజర్, లాప్లాస్ ఒక గినీపందిని మంచు మధ్య పెట్టారు. కరిగిన మంచునూ అది వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నూ కొలిచి, శ్వాస అంటే నెమ్మదిగా మండడమేనన్నారు. 1890ల చివర్లో అమెరికాలో అట్‌వాటర్ మనుషుల్నే రోజుల తరబడి ఒక గదిలో ఉంచి, తిన్నదానికీ, ఒంట్లోంచి వచ్చిన వేడికీ, చేసిన పనికీ లెక్క కట్టాడు. జమా ఖర్చూ దాదాపు సరిపోయాయి. విశ్వం నుంచి వచ్చిన జమ ఏదీ కనబడలేదు.

తర్వాతి పెద్ద వోచరు మన భీమవరం మనిషిది. యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ బయటపెట్టాడు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుక్కున్నాడు. సుబ్బారావు ఒకప్పుడు రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నవాడే. ప్రయోగశాలలో మాత్రం ప్రాణం అని రాయలేదు, ఫాస్ఫరస్‌ను కొలిచి రాశాడు.

ఏటీపీ అంటే చిల్లర. గ్లూకోజు పెద్ద నోటు, కొవ్వు ఫిక్సెడ్ డిపాజిట్. కణం ఖర్చుపెట్టేది చిల్లరే. గ్లూకోజు పది మెట్లలో రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు మైటోకాండ్రియాలో పూర్తిగా విరుగుతాయి. వాటి నుంచి లాగిన ఎలక్ట్రాన్లు చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి (మనం ఊపిరి పీల్చేది ముఖ్యంగా ఇందుకే). ఆ దారిలో ప్రోటాన్లు పొర అవతల పోగవుతాయి. తిరిగి ఇవతలికి వచ్చేటప్పుడు, ఆనకట్ట నీళ్లు టర్బైన్‌ను తిప్పినట్టు ఒక అతిచిన్న చక్రాన్ని తిప్పుతాయి. అక్కడే ఏటీపీ తయారు. 1961లో పీటర్ మిచెల్ ఈ ప్రోటాన్ల సంగతి చెబితే చాలామంది ఒప్పుకోలేదు. 1978లో నోబెల్ ఇచ్చారు. ఒక గ్లూకోజుకు 38 ఏటీపీలని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఇప్పుడు సుమారు 30 అంటున్నారు. లెక్క తప్పితే దిద్దుకునే ఖాతా ఇది. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ పావుకిలోకి మించదు. కానీ అదే చిల్లర చేతులు మారి మారి, రోజు మొత్తం మీద మన బరువంత ఖర్చవుతుంది.

ఇక ఆ కుర్రాడి సంగతి. ఇన్సులిన్ లేకపోతే కండరాలూ కొవ్వు కణాలూ గ్లూకోజును సరిగా తీసుకోలేవు. రక్తం నిండా చక్కెర, కణానికి ఆకలి. బ్యాంకులో డబ్బుండీ చెక్కు పాసవనట్టు. అప్పుడు ఒళ్లు కొవ్వును విపరీతంగా కరిగిస్తుంది, దాంతో పుట్టే ఆమ్లాలు రక్తాన్ని విషం చేస్తాయి. అందుకే ఆ ఎగశ్వాస. చేతులు ఆడించినాయన ఈ మెట్లలో ఏ మెట్టు దగ్గర, ఎన్ని కేలరీలు జమ చేశాడో చెప్పాలి కదా?

వాళ్ల నాన్నకు ఇదంతా కాగితం మీద గీసి చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, "ఇది ముందే చెప్పకపోయావా బాబాయ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు వాళ్ల ఫ్రిజ్ తలుపులో ఇన్సులిన్ ఉంది. పక్కనే విభూతి పొట్లం కూడా ఉంది. దాని మీద నేను ఆడిట్ అభ్యంతరం రాయలేదు. విశ్వశక్తి ఆయన మాత్రం పక్క వీధికి మారాడట. వచ్చే ఆదివారం వెళ్తున్నాను.