పెరటిలో రేలచెట్టు

ఆకు రాలుచున్నదను నెపమున పెరటిచెట్టును నఱికించి, ఆ స్థలమంతయు సిమెంటు గచ్చు చేయించుట మన బెజవాడలో పరిపాటి యైనది. వాకిలి శుభ్రముగ నుండునని వారి వాదము. కాని మే మాసమున ఎండ 45 డిగ్రీలు దాటు దినములు గల యీ యూర, ప్రొద్దు క్రుంకినను చల్లారని గచ్చుమీద ముసలివారును పసిపిల్లలును ఎట్లు మసలుదురో వారు యోచించిరా? చీపురునకు జడిసి నీడను పోగొట్టుకొనుట తెలివిగల బేరము కాదని నా యభిప్రాయము. ఆకు రాల్చుట చెట్టు దోషము కాదు; వర్షములేని కాలమున తనలోని నీటిని కాపాడుకొనుటకు అది చేయు నుపాయము.

అయితే ఏ చెట్టు నాటవలెను? ఈ విషయమున నేనును ఒకమారు పొరపడితిని. ఎఱ్ఱని పూలకు మురిసి, ప్రహరీగోడకు నాలుగడుగుల దూరమున తురాయిని నాటితిని. మడగాస్కరు ద్వీపమునుండి వచ్చిన యా వృక్షము త్వరగా పెరుగును. కాని దాని కొమ్మలు పెళుసు, వేళ్లు పైపైన ప్రాకును. ఒక రాత్రి గాలివానకు అది కూలి పొరుగువారి వంటపాకపై పడెను. ఆ వేళ అందెవ్వరును లేకుండుటచే ప్రాణహాని తప్పెను. ఆ నేరము చెట్టుది కాదు. చోటు చూడక నాటిన నాది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన తుపాను నెఱిగిన మనము గాలిని మఱచి చెట్టు నాటరాదు.

పిమ్మట అదే పెరటిలో, గోడకును ఇంటికిని తగినంత దూరమున రేలను నాటితిని. ఇది మన దేశపు చెట్టే, మితముగ పెరుగును. వేసవిలో పసుపుపచ్చని గుత్తులు వ్రేలాడును. కేరళీయులు విషు పండుగనాడు వాడు కొన్నపువ్వు ఇదియే. పూతకు ముందు కొన్ని వారములు నీడ పలుచనగు మాట నిజము, దానిని దాచను. కాని పూతతోబాటు చిగుళ్లును వచ్చి, ముదురుటెండలనాటికి మరల నీడ చేకూరును.

విద్యార్థులారా, రేలగింజ పెంకు మిక్కిలి గట్టిది. ఒక యంచును రాతిపై అరగదీసి, ఒక దినము నీట నానబెట్టి విత్తుడు. మన బంకనేలలో నీరు నిలుచును గనుక మొక్కను మెరకచేసి తొలకరిలో నాటుడు. రాలిన యాకును తగులబెట్టక మొదట పఱచినచో నేల బీటలు వాఱదు. కాయలోని గుజ్జు విరేచనకారి, నోట బెట్టకుడు.

తల్లిదండ్రులకు నా విన్నపము: గచ్చు వేయించునప్పుడు పెరటిలో ఒక మూల మట్టినేలనైనను విడువుడు. ఇక ఊడ్చు మాట యందురా, చీపురు పట్టుటకు మీ పిల్లలున్నారు. తరగతిలో వారికి ఆ సంగతి చెప్పియే యున్నాను.